నాలుగో ప్రతి

చూసినదాన్ని చూడనట్టు ఊరుకోవడం మంచితనమా, పిరికితనమా? పదకొండేళ్ళుగా ఈ అనుమానం నన్ను వదల్లేదు. రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని, ఇంటికీ ఒంటికీ కావలసినవన్నీ అడగడం అయిపోయాక చివర్న ఇదొకటి అడిగేవాణ్ణి. ఆయన ఒక్కసారీ జవాబు చెప్పలేదు. జవాబు నాకు తెలుసని ఆయనకి తెలిసి ఉంటుంది.

నేను పుస్తకాలకి అట్టలు కట్టేవాణ్ణి. సైన్సు కాలేజీ వెనక గేటుకి ఎదురుగా మా షాపు. ఒకటే గది. గోడవారగా కోత మిషను, దాని పక్కన బిగింపు చెక్కలు, కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల చివర చిన్న స్టవ్వు మీద జిగురు గిన్నె. పరిశోధన చేసే పిల్లలు ఏళ్ళ తరబడి పడ్డ కష్టాన్ని కాగితాల కట్టగా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "రేపటికి ఇచ్చెయ్యాలి బాబాయ్" అంటారు. వాళ్ళకి ఐదేళ్ళు, నాకు ఒక్క రోజు.

నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజే ఒక మాట చెప్పాడు. "అట్ట కట్టేవాడి కళ్ళు మార్జిను మీద ఉండాలి, అక్షరం మీద ఉండకూడదు. కోర్టు కాగితాలొస్తాయి, ఆస్తి కాగితాలొస్తాయి, ఎవరివో ఉత్తరాలొస్తాయి. చదివావని తెలిసిందా, రేపట్నుంచి నీ గడప ఎవడూ తొక్కడు." నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. చదవకుండా ఉండటం నాకు కష్టం కాలేదు. ముప్పై ఏళ్ళు ఆ మాట మీదే నిలబడ్డాను, ఒక్కరోజు తప్ప.

ఆ రోజు పొద్దున పదింటికి ఒక అమ్మాయి వచ్చింది. జుట్టు దువ్వుకుని రెండ్రోజులై ఉంటుంది. థీసిస్ నాలుగు ప్రతులు కట్టాలి, ముదురు నీలం గుడ్డ అట్ట. సాయంత్రం నాలుగింటికల్లా ఆఫీసులో మూడు ఇవ్వాలి.

"నాలుగోది ఎవరికమ్మా?" అన్నాను.

"మా అమ్మకి. ఒంట్లో బాలేదు. అర్థం కాకపోయినా చేత్తో పట్టుకుని చూస్తుందని."

నల్ల అచ్చు పేజీలు ఒక కట్ట. రంగు పేజీలు వేరే చోట అచ్చు వేయించింది, ప్రతి పుస్తకానికీ మూడేసి. వాటిని నేను చేత్తో మూడు వేరువేరు చోట్ల దూర్చి కుట్టాలి. అలాంటి విడి కాగితాలొస్తే వాటి మార్జిన్లు ఒకలా ఉన్నాయో లేదో చూడటానికి నాకో పద్ధతుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తాను. వెలుతురులో అచ్చు ఎక్కడ పక్కకి జరిగిందో తెలిసిపోతుంది.

ఆ మూడు కాగితాలూ అలాగే ఆనించాను. ఒక్కోదాని మీద ఒక్కో గీత. ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. కింద వణుక్కుంటూ వెళ్ళి, ఒకచోట మెట్టు ఎక్కినట్టు పైకి లేచి, మళ్ళీ పైన వణుక్కుంటూ సాగే గీత. అద్దం మీద మూడూ కలిసి ఒక్కటే నల్లటి గీత అయిపోయాయి. ఒకటి వణికిన చోటే మిగతా రెండూ వణికాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పుడు అక్షరం మీద కన్ను పడింది. మొదటి పరుగు, రెండో పరుగు, మూడో పరుగు అని రాసి ఉంది. విడివిడిగా మూడుసార్లు చేసిన ప్రయోగమని కింద ఉంది.

నేను ఒకే కొలతకి మూడు అట్టలు కోస్తే మూడింటిలో ఒకటి నూలుపోగంతైనా తేడా వస్తుంది. అది నా చేతికి తెలుసు. విడివిడిగా చేసిన పని ఇలా రాదు. మరి కంప్యూటరు పనంటే ఇలాగే ఉంటుందేమో, నాకేం తెలుసు? తిరిగి చూశాను. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని ఫోనులో అంటోంది, "నాలుగింటికి ఇచ్చేస్తానమ్మా. రేపు పొద్దున్నే బస్సెక్కేస్తా. నువ్వు మందు వేసుకో ముందు."

నోరు తెరిచాను. మేస్త్రీ మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుని సూదిలో దారం ఎక్కించాను.

మూడు పుస్తకాలయ్యేసరికి నీలం గుడ్డ అయిపోయింది. "నాలుగోది మెల్లగా కట్టండి బాబాయ్, వచ్చి తీసుకుంటా" అని, నాలుగు పుస్తకాలకీ డబ్బులిచ్చేసి, పరుగెత్తింది. మళ్ళీ రాలేదు. నాలుగో ప్రతి కాగితాలు దారంతో కట్టి పై అరలో పెట్టాను. మా ఆవిడ షాపు దులిపినప్పుడల్లా, "మీ నీలం అట్టమ్మాయి ఇంకా అలాగే కూర్చునుంది చూడండి" అనేది. నవ్వేవాణ్ణి. నవ్వాక ఆ అనుమానం గుచ్చుకునేది.

* * *

అప్పటికి మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఇప్పుడు అదే కాలేజీలో పరిశోధన చేస్తోంది. ఏం చేస్తోందో షాపులో కూర్చుని ఒకరోజు చెప్పింది.

"మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది నాన్నా. కొవ్వు పొర. చల్లగా ఉన్నప్పుడు ఆ కొవ్వు తోకలన్నీ నిటారుగా నిలబడతాయి, నువ్వు కాగితాలు బల్ల మీద తట్టి సమం చేస్తావే, అలాగ. వేడెక్కితే మెలికలు తిరిగి వదులైపోతాయి. మెల్లమెల్లగా కాదు, ఒక వేడి దగ్గర టక్కున."

"మా జిగురులాగన్నమాట."

"అచ్చం నీ జిగురే. నీ గిన్నెలో థర్మామీటరు పెట్టి రాసిచ్చేస్తే నాకు డాక్టరేటు వచ్చేసేది. అనవసరంగా కంప్యూటరుతో కుస్తీ పడుతున్నా."

నిజం కొవ్వుతో కాదట తను చేసేది. కంప్యూటరు లోపల చదరంగం బల్లలాంటి గళ్ళు గీసి, ఒక్కో గడి ఒక్కో కొవ్వు కణిక అనుకోవాలట. ప్రతి గడికీ కంప్యూటరు పాచికలు వేస్తుంది, నిటారా, వదులా అని. కోట్లసార్లు వేస్తుంది. వేడి కొంచెం కొంచెం పెంచుతూ పోతే ఒకచోట గళ్ళన్నీ కలిసి వదులైపోతాయి. ఆ వేడి ఎంత అన్నదే ప్రశ్న. రెండు రకాల కొవ్వులు కలిపి చిన్న బుడగలు చేసి, వాటిలో మందు పెట్టి ఒంట్లోకి పంపాలని, జబ్బున్న చోట కాస్త వేడి తగిలిస్తే అక్కడే బుడగ విప్పుకోవాలని ఎవరో పెద్దవాళ్ళ ఆలోచనట. ఆ కలగలుపు మీద ఇంకా ఎవరూ గాజు గొట్టాలతో కొలవలేదట. ముందు లెక్క తేలాలి.

"మరి కష్టమేముంది?"

"నాకు నలభై ఒకటి వస్తోంది. ఇదివరకు మా ల్యాబులోనే ఒకావిడ చేసిన థీసిస్‌లో నలభై నాలుగుంది. మూడు డిగ్రీలు నాన్నా. జ్వరానికే బుడగ పగిలిపోతుందా, లేక మనం విప్పమన్నప్పుడే విప్పుతుందా అన్నంత తేడా."

మా అమ్మాయి గైడుని పిల్లలు 'ఇంకోసారి సారు' అంటారు. ఏం చూపించినా 'ఇంకోసారి వెయ్' అంటాడట. నలభై ఒకటి చూపిస్తే ఇంకోసారి వెయ్యమన్నాడు. పది రకాలుగా వేసింది. నలభై పాయింటు ఎనిమిది, నలభై ఒకటిన్నర, నలభై ఒకటి. ఆయన ఆ పాత నలభై నాలుగుని నమ్ముకుని దాని మీద రెండు పేపర్లు అచ్చు వేసుకున్నాడు. "తప్పు నీ ప్రోగ్రాములో ఉంది. ఇరవయ్యో తారీకున నీ పని చూడటానికి కమిటీ కూర్చుంటుంది. ఆలోపు తప్పు పట్టుకో. లేకపోతే ఈ విషయం వదిలేసి వేరేది మొదలుపెట్టు" అన్నాడు. వదిలేస్తే రెండేళ్ళు గాలికి పోయినట్టే. ఇంకో రెండేళ్ళు మొదట్నుంచి చెయ్యడానికి దానికి వచ్చే డబ్బూ ఆగిపోతుంది, ఓపికా అయిపోయింది.

ఇంట్లో కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేది. మా ఆవిడ, "ఆ కొవ్వేదో కాస్త నీ ఒంటికి పట్టినా బావుండేదే" అంటే ఇదివరకు నవ్వేది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతోంది.

పదకొండో తారీకున లైబ్రరీ నుంచి ఆ పాత థీసిస్ ఇంటికి తెచ్చింది, మొదటి పేజీ నుంచి మళ్ళీ చదువుతానని. బల్ల మీద పెట్టింది. ముదురు నీలం గుడ్డ. తెరవకుండానే తెలిసిపోయింది. పుస్తకం వీపు దగ్గర నేను గుడ్డ మడిచే తీరు నాకు తెలియదా!

"మీ చేతిదేనా?" అంది మా ఆవిడ.

"ఊఁ."

"ఎంత చక్కగా ఉంది ఇప్పటికీ."

అమ్మాయి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు పేజీలు తిప్పాను. ఎరుపు ఒకచోట, యాభై పేజీల తర్వాత నీలం, ఇంకో అధ్యాయంలో ఆకుపచ్చ. గట్టిగా కుట్టిన పుస్తకం. ఎవరు ఎంత చదివినా ఆ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడలేరు. అంత గట్టిగా కుట్టింది నేనే.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నాకు సిగ్గేసింది. ఆ రోజు నిజం కోసం తెరవని నోరు ఇవాళ కూతురి కోసం తెరుస్తానా? పరాయి పిల్ల విషయంలో నియమం, సొంత పిల్ల విషయంలో న్యాయమా? దేవుడి ముందు కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. మా ఆవిడ వచ్చి నిలబడింది.

"ఇంతింతసేపు చెబుతున్నారు, ఆయనకి చెవులు నొప్పెట్టవూ? ఏదో ఉంది మీ కడుపులో. నాకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సినవాళ్ళకి చెప్పండి."

* * *

పద్నాలుగో తారీకు పొద్దున అమ్మాయిని షాపుకి రమ్మన్నాను. పై అరలోంచి కట్ట దించి, దుమ్ము దులిపి, దారం విప్పాను. మూడు రంగు కాగితాలు ఏరి కిటికీ అద్దానికి ఆనించాను.

"ఇటు రా. చూడు."

చూసింది. దగ్గరకొచ్చి చూసింది. పైన రాసున్నవి ఒక్కోటీ చదివింది. కాగితాలు నా చేతిలోంచి తీసుకుని, పక్కకి జరిపి, మళ్ళీ కలిపింది. తర్వాత స్టూలు మీద కూలబడింది.

"సీడు మార్చలేదు" అంది మెల్లగా.

"ఏంటది?"

"కంప్యూటరుకి నిజంగా పాచికలు వెయ్యడం రాదు నాన్నా. మనం మొదట ఒక నంబరిస్తే, దాన్నుంచి లెక్క కట్టుకుంటూ పాచికలు వేసినట్టు నటిస్తుంది. ఆ నంబరే సీడు. మళ్ళీ అదే నంబరిస్తే అవే పందేలు అదే వరుసలో పడతాయి. ఆవిడ మూడుసార్లు వెయ్యలేదు. ఒక్కసారి వేసిందాన్నే మూడుసార్లు చూసుకుంది." లేచి నిలబడింది. "ఈ పొర ఒక్కోసారి మొరాయిస్తుంది. కరగాల్సిన వేడి దాటినా కరక్కుండా అలాగే ఉంటుంది. ఆ ఒక్క పరుగులో అలా మొరాయించి ఉంటుంది. అందుకే నలభై నాలుగు. అంటే నాది తప్పు కాదు. నాది తప్పు కాదు నాన్నా!"

నా భుజం పట్టుకుని ఊపేసింది. రెండు నెలలకి దాని మొహంలో నవ్వు చూశాను. తర్వాత అడిగింది, "నీకెలా దొరికింది ఇది?"

"చూశానమ్మా. కట్టిన రోజే."

"ఏ రోజు?"

"పదకొండేళ్ళ కిందట."

భుజం మీద చెయ్యి జారిపోయింది.

"చూసి ఊరుకున్నావా?"

"మనకెందుకు, చదువుకున్నవాళ్ళ సంగతి అనుకున్నా. ఆ పిల్ల హడావిడిలో ఉంది. వాళ్ళమ్మకి బాలేదు."

"నేను రోజూ ఇంటికొచ్చి నా తప్పేంటో తెలీట్లేదని ఏడుస్తుంటే పక్కనే కూర్చున్నావు."

"నీ పనికీ ఆ పుస్తకానికీ ముడుందని నాకేం తెలుసు? పుస్తకం నువ్వు ఇంటికి తెచ్చాకే గదా..."

"తెచ్చి మూడ్రోజులైంది."

అమ్మాయి కాగితాలు తీసుకుని కాలేజీకి వెళ్ళబోతే అడ్డం నిలబడ్డాను. "ఒక్క రోజు ఆగు. ఆ అమ్మాయికి నేనొక పుస్తకం బాకీ. ముందు తనకి చూపిస్తాను. తన పని గురించి తనకి తెలియకుండా ఊరంతా మాట్లాడుకోవడం బాగుండదు."

"ఇప్పుడు కూడా ఆవిడే ముందా?" అంది.

అయినా ఆవిడ ఎక్కడ పనిచేస్తోందో కాలేజీ కంప్యూటర్లో వెతికి, చీటీ మీద రాసి, నా మొహం చూడకుండా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

* * *

బస్సులో నాలుగు గంటలు. ఒళ్ళో కాగితాల కట్ట. ఆ కాలేజీలో లెక్చరర్ల గది పొడవుగా ఉంది, బల్లల మీద జవాబు పత్రాల గుట్టలు. నీలం అట్టమ్మాయికి కళ్ళజోడొచ్చింది, చెవుల పక్కన రెండు తెల్ల వెంట్రుకలు. నన్ను చూసి లేచింది.

"బైండింగు బాబాయ్! మీరేంటి ఇక్కడ?"

"మీ నాలుగో పుస్తకం ఉండిపోయిందమ్మా, మీరు రాలేదని..."

"మీరు, గారు అంటే ఇప్పుడే వెనక్కి పంపించేస్తా. కూర్చోండి." కుర్చీ లాగింది. కట్ట చూసి మళ్ళీ కూర్చుంది. "అమ్మ ఆ నెలలోనే పోయింది బాబాయ్. తను పట్టుకు చూస్తుందనే గదా కట్టమన్నది. ఇంకెందుకని రాలేదు."

"నాకు తెలీదమ్మా."

"మీకెలా తెలుస్తుంది."

ఇక ఆగితే నోరు మళ్ళీ మూతపడుతుందని, మూడు కాగితాలూ తీసి అక్కడి కిటికీకి ఆనించాను. ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కిటికీ అవతల పిల్లలు బెల్లు కొట్టగానే గోలగా వెళుతున్నారు.

"ఒక ఫోల్డరు చేసి మూడు కాపీలు తీశాను" అంది, ఎవరితోనో అన్నట్టు. "పేర్లు మార్చాను. ఒకటి, రెండు, మూడు. లోపల నంబరు మార్చలేదు. అంతే. మొదట్లో కుదురుకోని భాగం ఉంటుంది, అది ఒక్కోదాంట్లో ఒక్కోచోట కోసి పారేశాను. అందుకని సగటులు కొంచెం తేడాగా వచ్చాయి. ఎంత దగ్గరగా వచ్చాయో అని మురిసిపోయాను కూడా." నా వైపు తిరిగింది. "ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

"నేనే."

"ఎప్పుడు?"

చెప్పాను. మేస్త్రీ మాట కూడా చెప్పాను. దాచుకునేందుకు ఇంకేం మిగల్లేదు.

"ఆ రోజు పొద్దున పదకొండింటికి మీకు తెలుసు."

"అవునమ్మా. నువ్వు అలిసిపోయి ఉన్నావు. పాపం అనిపించింది."

"అప్పుడే చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో తెలుసా? అరగంట ఏడ్చేదాన్ని. తర్వాత గడువు అడిగేదాన్ని. మళ్ళీ వెయ్యడం మూడు వారాల పని బాబాయ్. మూడు వారాలు."

ఆ మూడు వారాలు నా చెవిలో అలాగే ఉండిపోయాయి. ఆ పిల్ల బతుకు కాపాడుతున్నాననుకున్నాను. నేను కాపాడింది ఒక సాయంత్రాన్ని.

మా అమ్మాయి సంగతి, ఇరవయ్యో తారీకు సంగతి చెప్పాను. విని జవాబు పత్రాల అంచులు సర్దింది.

"వచ్చే నెల నన్ను ఇక్కడ విభాగానికి పెద్దని చేస్తామంటున్నారు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే నా పేరు పక్కన ఏం రాస్తారు? మీ అమ్మాయికి దొరికింది గదా, తనే చెప్పుకోవచ్చుగా."

"చెప్పుకోవచ్చు. కానీ పుస్తకం నీది."

నేను కట్ట తనవైపు జరిపితే తిరిగి నావైపు తోసింది.

"ఇది ఇప్పుడే కట్టకండి" అంది. అంతే. బస్టాండు దాకా ఎండలో నడిచాను. కోపంతో అందో, బాధతో అందో తేల్చుకోలేకపోయాను.

* * *

ఇరవై దాకా గడిచిన ఐదు రోజులూ ఎలా గడిచాయో దేవుడికే తెలియాలి. అమ్మాయి మర్నాడే గైడు దగ్గరికి వెళ్ళింది. ఆయన మూడు కాగితాలూ చూసి, "అచ్చువాడు ఒకే బొమ్మని మూడు రంగుల్లో వేసి ఉంటాడు. ఎవరో అట్టలు కట్టేవాడు కిటికీకి ఆనించి చూశాడని పదకొండేళ్ళ పనిని కొట్టెయ్యమంటావా? పాత ఫైళ్ళు చూపించు, అప్పుడు నమ్ముతా" అన్నాడట. పాత కంప్యూటర్లు ఎప్పుడో తుక్కులోకి పోయాయి. ఫైళ్ళుంటే ఆవిడ దగ్గరే ఉండాలి. అమ్మాయి ఆవిడకి రెండుసార్లు రాసింది. జవాబు లేదు.

ఇంట్లో నాతో అవసరమైనంతే మాట్లాడేది. నీళ్ళు, తాళం, తలుపు. మా ఆవిడ ఇద్దరి మధ్యా వార్తలు మోసి మోసి విసిగిపోయి, "నాకు జీతమైనా ఇవ్వండి" అంది. ఎవరూ నవ్వలేదు.

ఇరవయ్యో తారీకు పొద్దున షాపు తలుపు తీసి, కోత మిషనుకి దణ్ణం పెట్టుకుని, జిగురు గిన్నె స్టవ్వు మీద పెట్టాను. కమిటీ పదిన్నరకి. అమ్మాయి నేరుగా కాలేజీకి వెళ్ళాల్సింది, ఎందుకో షాపు ముందు ఆగింది. లోపలికి రాలేదు, అవతలికి పోలేదు.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. నీలం అట్టమ్మాయి దిగింది. భుజాన సంచి. వస్తూనే మా అమ్మాయిని ఎగాదిగా చూసింది.

"నలభై ఒకటి నువ్వేనా?"

మా అమ్మాయి తలూపింది.

"నాకు నలభై ఒకటీ పాయింటు రెండు వచ్చింది. తొమ్మిది సీడ్లతో వేశాను, ఐదు రోజులు, మా కాలేజీ కంప్యూటర్లన్నీ కబ్జా చేసి. పిల్లల ప్రాక్టికల్సు కూడా ఆపేశాను, తిట్టుకుంటున్నారు. నీ ఉత్తరాలకి జవాబు రాయలేదని నువ్వూ తిట్టుకునే ఉంటావు. లెక్క తేలకుండా ఏం రాయను?" సంచిలోంచి చిన్న డిస్కు తీసి చూపించింది. "పాతవి. మా అమ్మ పెట్టెలో దొరికాయి. మూడు ఫోల్డర్లు, మూడింటిలోనూ ఒకటే నంబరు. అమ్మ పుట్టినరోజు తారీకు."

ఇద్దరూ గేటులోంచి లోపలికి వెళ్ళారు. నేను ఆ పూట ఒక్క కుట్టూ వెయ్యలేదు. జిగురు రెండుసార్లు కరిగించి రెండుసార్లు చల్లార్చాను.

ఒంటిగంట దాటాక వచ్చారు. ఏం జరిగిందో అమ్మాయి చెప్పింది. ఇంకోసారి సారు ఫైళ్ళు తెరిచి, మూడు నంబర్లూ ఒకటికి రెండుసార్లు చూశాడట. ఆయన రెండు పేపర్లూ దిద్దుకోవాలి. చివరికి, "ఇంకోసారి వెయ్యండి, ఇద్దరూ కలిసి" అన్నాడట.

"అన్నాడా ఆ మాట!" అంది నీలం అట్టమ్మాయి. "పదకొండేళ్ళ కిందట నాతో ఆ ఒక్కమాట అనలేదు. మూడూ ఇంత బాగా కలిశాయి, ఇక చాలు అన్నాడు." నవ్వబోయి ఆపేసింది.

"మరి నీ ఉద్యోగం సంగతి?" అన్నాను.

"సవరణ అచ్చవుతుంది. అచ్చయ్యాక మా వాళ్ళు చదువుతారు. ఆ పదవి నాకిక రాదు. ఉన్న ఉద్యోగం ఏమవుతుందో ఇప్పుడే తెలీదు." సంచిలోంచి ఒక్క కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పైన సవరణ అని ఉంది. కింద ఎనిమిది వరసలు, తన సంతకం. "లైబ్రరీలో ఉన్నవాటికీ ఇది అతికించమన్నారు. నాలుగోది కట్టకండి అన్నానే, దీనికోసం. ఇది మొదట్లో ఉండాలి బాబాయ్, చివర్న కాదు. నాకు నాలుగింటికి బస్సు."

ముదురు నీలం గుడ్డ ఈసారి ఉంది, కిందటి వారమే కొన్నాను. కాగితాలు బల్ల మీద తట్టి సమం చేశాను. సవరణ కాగితం మొదటి పేజీ ముందు పెట్టాను. ఈసారి మార్జిన్లే చూడలేదు. ఆ ఎనిమిది వరసలూ చదివాను. నెమ్మదిగా, వేలు పెట్టి, ఆవిడ ముందే. అర్థమైనంత అర్థమైంది. తను ఏ రోజున ఏది తప్పుగా చేసిందో, దానివల్ల ఎవరెవరు ఇబ్బంది పడ్డారో రాసింది. మా అమ్మాయిని 'తరవాతి పరిశోధకురాలు' అంది. నా గురించి ఒక్క ముక్క లేదు. ఉండాల్సింది అనిపించింది, కానీ అడగలేదు. అది నేను వేరే చోట చెప్పుకోవాల్సింది.

కుట్టు అయింది. పుస్తకం వీపు సుత్తితో గుండ్రంగా కొడుతుంటే వెనకనుంచి మాట వినబడింది.

"నాన్నా, జిగురు చల్లారిపోతోంది."

ఆరు రోజుల తర్వాత దాని నోట ఆ పిలుపు. మా అమ్మాయి స్టవ్వు దగ్గర నిలబడి గిన్నెలో కుంచె తిప్పుతోంది. దగ్గరకి తెచ్చి పెట్టింది. నా మొహం ఇంకా చూడలేదు. అట్ట ఎక్కించి పుస్తకాన్ని చెక్కల మధ్య పెడితే, మర తనే తిప్పి బిగించింది.

మూడున్నరకి తీశాను. జిగురు పూర్తిగా ఆరలేదు. కాగితం చుట్టి, "రేపటిదాకా తెరవకు తల్లీ, బరువేదైనా పెట్టి ఉంచు" అన్నాను.

నీలం అట్టమ్మాయి రెండు చేతులా అందుకుంది. వాళ్ళమ్మ పట్టుకుని చూస్తుందన్నట్టే, కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత సంచిలో పెట్టుకుని గేటు వైపు నడిచింది.